పరిశోధన నిధులకు దరఖాస్తు: పంపే ముందు జాగ్రత్తలు

• ప్రకటన ఆసాంతం చదవండి. అర్హత, పుటల పరిమితి తప్పితే ఎంత మంచి ఆలోచనైనా బుట్టదాఖలే.

• ప్రశ్నను కుదించండి. ఉదాహరణకు, గ్రానైట్ గనులున్న చీమకుర్తిపై పరిశోధనకు ‘చీమకుర్తిలో కాలుష్యం’ అని రాస్తే సమీక్షకులకు ఏమీ బోధపడదు. ‘గ్రానైట్ కోత యూనిట్లలో పదేళ్లు పనిచేసినవారి ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గిందా?’ అని అడగండి. ఎవరిని పరీక్షించాలో, స్పైరోమీటరు (ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరికరం) ఎందుకు కావాలో, ఎవరితో పోల్చాలో అప్పుడే తేలుతుంది. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

• మనుషులపై పరీక్షలుంటే నైతిక విలువల కమిటీ అనుమతికి ముందుగానే కదలండి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. కార్మికుల నమ్మకం పోతే నిధులు వచ్చినా పని సాగదు.

• బడ్జెట్‌లో ఉజ్జాయింపు అంకెలు వద్దు. పరికరాలకు కొటేషన్లు జతచేయండి. ఒంగోలు నుంచి చీమకుర్తికి వెళ్లాల్సి ఉంటే రానుపోను ఖర్చులూ రాయండి.

• సంస్థాధిపతి సంతకం వారం ముందే తీసుకోండి.