జార్జియన్ డేటాను కొత్త సర్వర్‌కు మార్చేముందు: ‘అన్’ అక్షరం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

జార్జియన్ భాషలో పేర్లు, చిరునామాలు, పత్రాలు ఉన్న డేటాబేస్‌ను కొత్త సర్వర్‌కు మార్చే పని చేపట్టినవారు బ్యాకప్ తీసుకోవడంతో ఆగకుండా, ఆ లిపిలోని మొదటి అక్షరమైన ‘అన్’, ప్రతి అక్షరానికి ఒక కోడ్ సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఎన్ని చోట్ల ఉందో ముందుగా తెలుసుకోవాలి. నేటి వాడుక లిపి మ్ఖెద్రులిలో దాని కోడ్ దశాంశ సంఖ్యలో 4304. పూర్తి పదాలను, శీర్షికలను ప్రస్ఫుటంగా చూపే మ్తావ్రులి రూపంలో అది 7312. చర్చి సంప్రదాయంలో నిలిచిన అసోమ్తావ్రులిలో 4256, నుస్ఖురిలో 11520. చదివేవారికి ధ్వని ఒక్కటే అయినా కంప్యూటర్‌కు ఇవి నాలుగు వేర్వేరు అక్షరాలు.

అసలు ప్రమాదం మొదటి రెండింటి మధ్య ఉంది. 2018లో వచ్చిన యూనికోడ్ 11 మ్తావ్రులి అక్షరాలను చేర్చి, వాటిని మ్ఖెద్రులికి పెద్దక్షరాలుగా నిర్ణయించింది. అంతకుముందు పెద్దక్షరాలకు మార్చే ఆదేశం మ్ఖెద్రులి పాఠాన్ని తాకేది కాదు. ఇప్పుడు అదే ఆదేశం 4304ను 7312గా మారుస్తుంది. అందువల్ల ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస కూడా మార్చకపోయినా, ప్రోగ్రామింగ్ భాష జావా 11వ వెర్షన్ నుంచి 12కు, లేదా పైథాన్ భాష 3.6 నుంచి 3.7కు వెళ్లినంత మాత్రాన ఫలితం మారిపోతుంది. పాత సర్వర్‌లో ఆ ఆదేశం గుండా వెళ్లి నిల్వ అయిన లాగిన్ పేరు, కొత్త సర్వర్‌లో అదే మనిషి టైపు చేసినా సరిపోలదు. కాబట్టి ఈ ఆదేశం ఎక్కడెక్కడ ఉందో కోడ్ అంతటా, వెబ్ పేజీల స్టైల్ ఫైళ్లతో సహా వెతకాలి. పోలిక అవసరమైన చోట చిన్నక్షరాల వైపు మార్చి పోల్చాలి. అప్పుడు 4304, 7312 రెండూ 4304 దగ్గరే కలుస్తాయి.

జార్జియన్‌లో వాక్యం మొదటి అక్షరాన్నిగానీ, మనిషి పేరులోని మొదటి అక్షరాన్నిగానీ పెద్దక్షరంగా రాయరు. యూనికోడ్ నియమాలు దీన్ని గౌరవిస్తాయి. అయితే మొదటి అక్షరాన్ని విడదీసి పెద్దది చేసి మళ్లీ అతికించే ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. వాటివల్ల ఒక మ్తావ్రులి అక్షరం, మిగతావన్నీ మ్ఖెద్రులి అక్షరాలుగా, జార్జియన్లు తమ రాతలో వాడని రూపం తయారవుతుంది. ఇది మనుషుల పేర్లకు జరుగుతుంది కనుక, నా దృష్టిలో అన్నిటికంటే ముందు సరిదిద్దవలసిన లోపం ఇదే.

పాత పత్రాల్లో మరో చిక్కు ఉంటుంది. యూనికోడ్ స్థిరపడకముందు వాడిన అకడ్‌నుస్ఖ్ వంటి ఫాంట్లు జార్జియన్ ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో పెట్టాయి. అను ఫాంట్లతో తెలుగు డీటీపీ చేసినవారికి ఈ పద్ధతి తెలిసినదే. అక్కడ నిల్వలో ఉండేది ‘అన్’ కాదు, ఇంగ్లిష్ ‘ఎ’. పైగా చిన్న ‘టి’ ఒక హల్లుకు, పెద్ద ‘టి’ మరో హల్లుకు గుర్తులు కాబట్టి, అటువంటి పాఠాన్ని పెద్దక్షరాలకు మారిస్తే పదాలే మారిపోతాయి, తిరిగి రాబట్టడానికి దారి ఉండదు. ఫాంట్ పేరు తెలిసిన భాగాలను మాత్రమే మార్పిడి పట్టికతో యూనికోడ్‌లోకి తేవాలి. ఒకే గడిలో నిజమైన ఇంగ్లిష్ పదాలు కూడా కలిసి ఉంటే మనిషి చూసి విడదీయక తప్పదు.

యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా నిల్వచేసే పద్ధతైన యూటీఎఫ్-8లో ‘అన్’ ఏ రూపంలో ఉన్నా మూడు బైట్లు తీసుకుంటుంది. బైట్లలో కొలిచే 100 పరిమితి గల గడిలో 33 అక్షరాలే పడతాయి కాబట్టి పొడవైన చిరునామాలు తెగిపోకుండా చూడాలి. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వెర్షన్‌కి మారితే వరుసక్రమం నియమాలూ మారతాయి. దానిపై ఆధారపడిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇండెక్స్‌లను (వెతుకులాటకు వాడే సూచికలను) తిరిగి నిర్మించాలి. మ్తావ్రులి లేని ఫాంట్ ఉన్న యంత్రంలో శీర్షికలు ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి గనుక ముద్రణ యంత్రాలు, పాత ఫోన్లు కూడా పరీక్షించాలి.

మార్పిడికి ముందు నాలుగు రూపాల ‘అన్’లతో ఒక నమూనా రికార్డు తయారుచేసి, నిల్వ, వెతుకులాట, లాగిన్, ముద్రణల గుండా నడిపి, ప్రతి దశలో కోడ్ సంఖ్యను పాతదానితో సరిచూడాలి. ఆ సరిచూపు పూర్తయ్యేవరకు పాత సర్వర్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలో ఉంచాలి.