సజ్జ మీది బొమ్మల గోతాలు దింపినాక

మా ఇంట్లో సజ్జ మీద రెండు గోతాల బొమ్మలు ఉండేవి. దేవుని కడప తిరునాళ్ళలో కొన్న టిప్పర్ లారీ మొదలు బర్త్‌డేలకి వచ్చిన టెడ్డీల దాకా ఒక్కటీ పారేయలే, "ఇంకొకరు పుడితే పనికొస్తాయిలే" అని మా అత్త పైకెక్కిస్తానే ఉంటాది. మొన్న ఎండాకాలం సెలవుల్లో అన్నీ దింపినా, ఎట్లా చేసినానో చెప్తా.

పిల్లోడు నిద్రపోయినప్పుడు దొంగతనంగా పారేయొద్దు. నేనోసారి చక్రం లేని కారు చెత్తబండికి వేసేస్తే, వారం తర్వాత సరిగ్గా దాన్నే అడిగి అన్నం కూడా తినకుండా ఏడ్చినాడు. అందుకే ఈసారి చాప మీద అన్నీ కుమ్మరించి వాన్నే కూర్చోబెట్టినా. "ఏది పారేద్దాం" అంటే ఏదీ వదలడు, "ఆడుకోడానికి పది ఏరుకో" అనాల. వాడు పన్నెండు ఏరినాడు, పోనీలే. మిగిలిన వాటిలో బాగుండేవి అట్టపెట్టెలో వేసి తేదీ రాసి మంచం కింద పెట్టినా, నెలకోసారి మారిస్తే పాతవే కొత్తవాటి లెక్క ఆడుకుంటాడు. రెండుసార్లు బయటికి తీసినా ముట్టుకోనివి ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

బ్యాటరీ బొమ్మలు మాత్రం విప్పి చూడాల్సిందే. పాటలు పాడే బాతు ఒకటి ఉండాది, స్క్రూ తీస్తే లోపల ఆల్కలైన్ సెల్లు కారిపోయి స్ప్రింగు చుట్టూ తెల్లగా ఉప్పు పేరినట్టు ఉంది. అది వట్టి చేత్తో ముట్టుకోవద్దు. సెల్లు తీసేసి, ఇయర్‌బడ్ నిమ్మరసంలో ముంచి రుద్దితే కొంచెం పొంగి ఊడొచ్చింది, తడిగుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టి కొత్తవి వేస్తే మళ్ళా పాడింది (పాడకుంటేనే బాగుండు అని మా ఆయన). పాత సెల్లు చెత్తలో కలపకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వాల. బిళ్ళలాంటి బటన్ సెల్లు ఇంకా డేంజర్, మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాది, అట్లా జరిగితే ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. మూతకి స్క్రూ లేని బొమ్మ ఎవరికీ ఇవ్వొద్దు.

అంగన్‌వాడీకి ఇవ్వాలంటే ముందు టీచరమ్మని అడగండి. మూడేళ్ళ లోపు పిల్లలకి చిన్న ముక్కలు పనికిరావు, టెస్టింగులో 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టం వాడతారు, మనకి టిష్యూ రోల్ అట్టగొట్టం చాలు, దాంట్లో దూరేవన్నీ పక్కన పెట్టేయండి. మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచే, కాబట్టి రంగు పెచ్చులూడే పాతవి నోట్లో పెట్టుకునే బుజ్జోళ్ళకి వద్దు. విరిగినవి ఇస్తే అది దానం కాదు, మన చెత్త ఇంకొకరింటికి పంపినట్టు.

ఇంక మిగిలినవి. ఇసుక ఆడే బకెట్‌కి అడుగున నాలుగు బొక్కలు పెట్టి మట్టి నింపి ధనియాలు రెండుగా నలిపి చల్లినా, మా ఎండలకి మిద్దె మీద పెడితే ప్లాస్టిక్ పెళుసై పగులుతాది, నీడ పట్టున పెట్టండి. టెడ్డీలని పాత దిండు గలీబులో కట్టి వాషింగ్ మెషీన్లో వేస్తే సరి, చిరిగిందైతే దూది తీసి దిండులో కూరేయడమే. పులులు, సింహాలు దసరాకి బొమ్మల కొలువులో అడవికి దాచినా, రాగులు చల్లి మొలకెత్తిస్తే గడ్డి రెడీ. జత తప్పిన బ్లాకులు ఒకటో తరగతి కూడికలకి.

టిప్పర్ లారీ మాత్రం మా అత్త ఎవరికీ ఇవ్వనీలే. ఇప్పుడు వంటింట్లో తెల్లగడ్డలన్నీ దాని తొట్లోనే.