బ్రాండు పేరు పక్కన ™ పెట్టాలా, ® పెట్టాలా?

డిజైనరు లేబుల్ నమూనా పంపుతాడు. పేరుకు కుడివైపు పైమూలన చిన్న వలయం, అందులో ఆర్ అనే అక్షరం. ఎందుకు పెట్టావని అడిగితే "నిండుగా ఉంటుందని పెట్టానండి" అంటాడు. యజమాని కూడా మురిసిపోయి అచ్చుకు పంపేస్తాడు. రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టి అప్పటికి నెలే అయింది.

ఆ వలయం అలంకారం కాదు. "ఈ పేరు ప్రభుత్వ రిజిస్టరులో నమోదై ఉంది" అని కొనేవాళ్లందరికీ చెబుతున్న మాట అది. నిజం కానప్పుడు చాలా దేశాల్లో అది నేరం. భారతదేశపు 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 107వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని పేరును నమోదైనట్లు చూపితే 2024 దాకా 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడేవి; ఆ తర్వాత జైలు తీసేశారు, భారీ జరిమానా మాత్రం ఉంది. బ్రిటన్‌లో 1994 నాటి చట్టం ప్రకారం జరిమానా వేస్తారు.

™ సంగతి వేరు. "ఈ పేరును నా సరుకుకు గుర్తుగా వాడుకుంటున్నాను" అని చెప్పుకోవడమే దాని పని. చాలా దేశాల్లో దానికి దరఖాస్తు అక్కర్లేదు, రుసుము లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. సేవలకు వాడే ℠ ఎక్కువగా అమెరికాలోనే కనిపిస్తుంది. మిగతా చోట్ల సరుకుకైనా సేవకైనా ™ సరిపోతుంది. ఇక © రచనలకు, బొమ్మలకు సంబంధించిన కాపీరైటు గుర్తు. బ్రాండు పేరుకు దాన్ని పెట్టడం ఇంటి గుమ్మానికి బండి నంబరు తగిలించడం లాంటిది.

1. పేరు ఏ దశలో ఉందో చూసుకోండి

దరఖాస్తు పెట్టలేదా? ™. పెట్టారు, నంబరు కూడా వచ్చిందా? అయినా ™. పరిశీలన పూర్తయి, అభ్యంతరాల గడువు కూడా దాటిందా? అప్పటికీ ™. రిజిస్ట్రేషన్ పూర్తయి ధ్రువపత్రం వచ్చాకే ®. దరఖాస్తు నంబరును చూసి తొందరపడేవాళ్లే ఎక్కువ.

2. ధ్రువపత్రాన్ని నిదానంగా చదవండి

అసలు చిక్కంతా ఇక్కడే ఉంటుంది. ధ్రువపత్రం చేతికొచ్చినంత మాత్రాన ఆ పేరు కనిపించిన చోటల్లా ® పెట్టే హక్కు రాదు. మూడు సంగతులు చూడాలి.

మొదటిది, ఏ సరుకుకు నమోదైంది అన్నది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు సరుకులను, సేవలను నీస్ వర్గీకరణ ప్రకారం 45 తరగతులుగా విభజిస్తాయి. వాటిలో 34 సరుకులకు, 11 సేవలకు. ఉదాహరణకు "చిగురు" అనే పేరుతో మీరు నోటుపుస్తకాలు అమ్ముతున్నారనుకుందాం. అవి 16వ తరగతి కిందికి వస్తాయి. రెండేళ్ల తర్వాత అదే పేరుతో పుస్తకాల సంచులు కూడా మొదలుపెట్టారు. సంచులది 18వ తరగతి. నోటుపుస్తకం అట్ట మీద చిగురు® అని వేసుకోవచ్చు. సంచి మీద చిగురు™ అనే వేయాలి. ఒకే డిజైను ఫైలును రెండింటికీ వాడేస్తే పొరపాటు అక్కడే దొర్లుతుంది.

రెండోది, ఏ దేశంలో నమోదైంది అన్నది. రిజిస్ట్రేషన్ ఏ దేశానికి ఆ దేశమే. సరుకు ఎగుమతి చేస్తుంటే, నమోదు లేని దేశానికి వెళ్లే పెట్టె మీద ™ వేయండి. అన్నిటికీ ఒకటే లేబుల్ వాడక తప్పకపోతే, ఫలానా దేశంలో నమోదైనదని కింద ఒక వాక్యం చేర్చవచ్చు. అది ప్రతిచోటా చెల్లుతుందో లేదో స్థానిక న్యాయవాదిని అడగడం మంచిది. నన్నడిగితే, అలాంటప్పుడు ™ తోనే సరిపెట్టుకోమంటాను. దానివల్ల పోయేది పెద్దగా ఏమీ లేదు.

మూడోది, ఏ రూపంలో నమోదైంది అన్నది. బొమ్మతో కలిపి లోగోగా నమోదు చేయించినవాళ్లు ఉత్త పేరుకు ® తగిలించకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో నమోదైన పేరును తెలుగు లిపిలో రాసినప్పుడు కూడా ఇదే సందేహం వస్తుంది. తెలుగు రూపాన్ని విడిగా నమోదు చేయించేదాకా దాని పక్కన ™ ఉంచడమే క్షేమం.

3. ఎక్కడ, ఎన్నిసార్లు?

పేరుకు కుడివైపు పైన, చిన్న అక్షరంతో. పేజీలో మొదటిసారి గానీ, అందరి కంటా పడే పెద్ద శీర్షికలో గానీ ఒక్కసారి పెడితే చాలు. ప్రతి వాక్యంలోనూ చల్లితే చదివేవాడికి చీమలు పాకినట్లుంటుంది. అలాగని పూర్తిగా మానేయకండి. అమెరికాలో నమోదైన పేరుకు ఆ గుర్తు చూపకపోతే, ఎదుటివాడికి రిజిస్ట్రేషన్ సంగతి తెలుసని రుజువు చేస్తే తప్ప అక్కడి ట్రేడ్‌మార్క్ చట్టం కింద నష్టపరిహారం రాబట్టలేరు.

4. వాక్యంలో పేరును పేరుగానే ఉంచండి

తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన విభక్తులు పదానికి అతుక్కుంటాయి. "చిగురు®తో రాయండి" అని రాస్తే కంటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "చిగురుతో®" అంటే ఇంకా తప్పు, ఎందుకంటే "చిగురుతో" అనే పేరు ఎవరూ నమోదు చేయించలేదు. దీనికి విరుగుడు తేలిక. పేరు పక్కన సరుకు పేరు పెట్టి, విభక్తిని దానికి తగిలించండి: "చిగురు® నోటుపుస్తకంలో రాయండి." "నాలుగు చిగురులు కొనండి" అని బహువచనం కూడా చేయకండి.

ఇది వ్యాకరణంతో ముగిసే విషయం కాదు. బ్రాండు పేరు సరుకు పేరుగా మారిపోతే హక్కే పోవచ్చు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్క్, 1950లో అమెరికాలో అది రద్దయింది. ఆస్పిరిన్ మీద అమెరికాలో హక్కు పోగొట్టుకున్న బేయర్ కంపెనీకి కెనడాలో ఆ పేరు ఇప్పటికీ ట్రేడ్‌మార్కే. మనం "జిరాక్స్ తీయించు" అన్నప్పుడల్లా ఆ కంపెనీవాళ్లు ఉలిక్కిపడతారు. తమ పేరును అలా క్రియగా వాడవద్దని వాళ్లు ప్రకటనలు కూడా ఇచ్చారు.

5. టైపు చేయడం

విండోస్‌లో ఆల్ట్ నొక్కిపట్టి కుడివైపు అంకెల మీటల మీద 0153 కొడితే ™, 0174 కొడితే ® వస్తాయి. మ్యాక్‌లో ఆప్షన్‌తో పాటు 2 నొక్కితే ™, ఆర్ నొక్కితే ®. ™ దానంతటదే పైకి ఉంటుంది. ® మాత్రం చాలా ఫాంట్లలో అక్షరాల వరుసలోనే పెద్దగా కూర్చుంటుంది, దాన్ని సూపర్‌స్క్రిప్ట్ చేసుకోవాలి. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో పని చేసే ప్రెస్సులో అయితే ఆ గుర్తు వచ్చే చోట ఏదో గుణింతపు ముక్క ప్రత్యక్షం కావచ్చు. కాబట్టి ప్రూఫు కాగితం మీద చూశాకే సరే అనండి.

6. గడువు గుర్తుపెట్టుకోండి

చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ 10 ఏళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. అమెరికాలో దానికి తోడు, నమోదైన తేదీ నుంచి 5, 6 సంవత్సరాల మధ్య పేరు ఇంకా వాడుకలో ఉందని ప్రమాణపత్రం దాఖలు చేయాలి. గడువు దాటినా అదనపు రుసుముతో కనీసం 6 నెలల వెసులుబాటు చాలాచోట్ల దొరుకుతుంది. అదీ పోయి రిజిస్ట్రేషన్ రద్దయితే, లేబుళ్ల నుంచి ® తీసేసి మళ్లీ ™ వేయాలి. ఆ పరిస్థితి వచ్చేదాకా చూడకుండా, గడువు తేదీని లేబుల్ డిజైను ఫైలు పేరులోనే చేర్చి పెట్టుకోండి. కొత్తగా అచ్చు వేయించడానికి ఎవరు ఆ ఫైలు తెరిచినా తేదీ కళ్లబడుతుంది.