పైకి లేచే లైట్ల మియాటా: బాడీ సందులు సరిచేసే ముందు జాగ్రత్తలు

మంచు కురిసే ఊళ్లలో పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకి మార్చి నెల గడవడం కష్టం. రోడ్ల మీద చల్లిన ఉప్పు నాలుగు వానలకు కొట్టుకుపోయేదాకా బండి బయటికి తీయబుద్ధి కాదు. గరాజ్‌లో దాన్ని చూస్తూ కూర్చుంటే చేతులు ఊరుకోవు. చూసేకొద్దీ లోపాలు కనిపిస్తాయి. ఎడమవైపు హెడ్‌లైట్ మూత బానెట్ కంటే కాస్త పైకి తేలి ఉంటుంది. డోర్ వెనక సందు కింద వెడల్పు, పైన ఇరుకు. ఇంకేముంది, స్పానర్ చేతిలోకి వచ్చేస్తుంది. అమెరికాలో, కెనడాలో ఇలాంటి కారు కొనుక్కుని వారాంతాల్లో సొంతంగా బాగుచేసుకునే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, ఆ స్పానర్ తిప్పే ముందు ఇది చదవండి.

నేను చెప్పేది మొదటి తరం మాజ్దా మియాటా గురించి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకు వచ్చిన ఎంఎక్స్-5 ఇదే. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అని అమ్మారు. వాడనప్పుడు మూత కింద దాక్కుని, కావాల్సినప్పుడు పైకి లేచే హెడ్‌లైట్లు 1997 దాకా తయారైన ఈ తరానికే ఉన్నాయి, తర్వాతి తరానికి తీసేశారు. టొయోటా ఎంఆర్2, పోర్షే 944, మాజ్దా ఆర్ఎక్స్-7 ఉన్నవాళ్లకీ ఇందులో చాలావరకు పనికొస్తుంది. 1968 నుంచి 1982 దాకా వచ్చిన కొర్వెట్ల సంగతి మాత్రం వేరు. వాటిలో లైట్లను లేపేది కరెంటు మోటారు కాదు, ఇంజన్ వ్యాక్యూమ్, అంటే ఇంజన్ గాలిని పీల్చే బలం.

మొదట చెప్పాల్సింది ఒకటుంది. బాడీ రేకుల మధ్య సందు ఎక్కడ తేడాగా కనిపిస్తే తప్పు అక్కడే ఉంటుందని అనుకోకండి. పాత ఇంట్లో తలుపు గడపకు పట్టేస్తోందని చెక్క గీకించేసి, కుంగింది గోడని ఆ తర్వాత తెలుసుకునేవాళ్లు ఉంటారు. హెడ్‌లైట్ మూత విషయంలోనూ ఎక్కువగా జరిగేది అదే. మూత పక్కన ఫెండర్ (చక్రం మీది రేకు), వెనక బానెట్, ముందు బంపర్ ఉంటాయి. ఆ మూడూ కుదురుగా లేనప్పుడు మూతను దేనికి సరిచూస్తారు? అందుకే కంటికి ముందు కనబడే ఆ మూత పని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి.

ముందు కొలవండి

కొలతలన్నీ బండి నాలుగు చక్రాల మీద, చదునైన నేల మీద నిలబడి ఉన్నప్పుడే తీసుకోవాలి. ఇది గట్టి పైకప్పు లేని కారు, గుడ్డ టాపే ఉంటుంది. జాకీ స్టాండ్ల మీదకు ఎక్కిస్తే బాడీ కొద్దిగా వంగి డోర్ సందు మారిపోతుంది. స్టాండ్ల మీద అద్దంలా కుదిరిన డోర్, చక్రాలు నేలకు ఆనగానే ఫెండర్‌కు రాసుకుని రంగు లేపేస్తుంది. స్టాండ్లు అవసరమయ్యే పనులుంటాయి, కాదనను. కానీ చివరి బిగింపు మాత్రం నేల మీదే జరగాలి. ఎత్తేటప్పుడు కూడా జాకీ ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి. ఈ కారు నేల కింద పొడవుగా సాగే రేకు పట్టీలు పలచన, జాకీ పెడితే అప్పడంలా నలిగిపోతాయి. ముందువైపు సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింది చట్రం) అడ్డపట్టీ కింద, వెనకవైపు డిఫరెన్షియల్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) కింద పెట్టి ఎత్తండి. బండి స్టాండ్ల మీద కూర్చోకుండా కిందికి దూరవద్దు.

కొలవడానికి ఖరీదైన గేజీలేం అక్కర్లేదు. గడువు తీరిన ఏటీఎం కార్డులు దాచుకోండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఐదు కలిపితే 3.8, ఆరు కలిపితే సుమారు 4.6. ప్రతి సందులోనూ పైన, మధ్యలో, కింద ఎన్ని కార్డులు పడుతున్నాయో మాస్కింగ్ టేప్ మీద రాసి ఆ చోటే అంటించండి, ఫోటో తీసుకోండి. ఫ్యాక్టరీ అంకెల కోసం వెతుక్కోవడం కంటే కుడి, ఎడమ ఒకేలా ఉన్నాయా, ఒకే సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో ఉందా అన్నది చూడండి. కొత్తగా షోరూం నుంచి వచ్చిన రోజు కూడా ఈ బళ్ల సందులు ఈనాటి కార్లంత బిగువుగా లేవు.

తర్వాత తుప్పు. మియాటాకు వెనక చక్రం ముందు, డోర్ కింద ఉండే సిల్ భాగం బలహీనమైన చోటు. గుడ్డ టాప్ మీద పడిన నీళ్లు దిగిపోయే గొట్టం ఆకులతో, మట్టితో పూడుకుపోతే ఆ నీళ్లు సిల్ లోపలే నిలుస్తాయి. పైన రంగు నిగనిగలాడుతూ లోపల ఇనుము పొడి అయిపోయి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టి చూడండి, మెత్తటి చప్పుడు వస్తే ఆగండి. సిల్ కుళ్లిన బండికి డోర్ సందు సరిచేయడం డబ్బు, శ్రమ రెండూ దండగ. ముందు వెల్డింగ్ పని పూర్తి కావాలి. ఆ వెల్డింగ్ చేసేటప్పుడు డోర్ తీసేయకుండా, బిగించి మూసి ఉంచి చేయమని అడగండి. లేదంటే డోర్ చట్రమే దగ్గరికి మూసుకుపోవచ్చు.

గతంలో గుద్దుకున్న బండా అన్నది కూడా తేల్చుకోవాలి. ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చిట్లి ఉంటే ఎవరో విప్పారన్నమాట. అదొక్కటే పెద్ద నేరం కాదు. ఇంజన్ గదిలో మూలకు మూల కొలత టేపుతో రెండువైపులా కొలిచి చూడండి. రెండు కొలతల మధ్య తేడా బాగా కనబడితే అది గరాజ్‌లో తేలే పని కాదు, వంగిన బాడీని లాగి సరిచేసే ఫ్రేమ్ బెంచ్ ఉన్న షాపుకు వెళ్లాల్సిందే.

కరెంటు తీసేశాకే చెయ్యి పెట్టాలి

మియాటా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ముందువైపు పని చేస్తూ దాన్ని మరచిపోవడం సులువు. నెగటివ్ వైరు తీసి, టెర్మినల్‌కు మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. అమెరికాలో అమ్మిన మియాటాలకు మొదటి నుంచీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, ముందు భాగంలో దాని సెన్సర్లు ఉంటాయి. వైరు తీశాక కనీసం పది నిమిషాలు ఆగి అప్పుడు మొదలుపెట్టండి. ఆ సెన్సర్ల వైర్లకు మల్టీమీటర్ పెట్టి పరీక్షించే పని మాత్రం వద్దే వద్దు.

లైట్ల మోటార్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్విచ్ కట్టేసి ఉంది కదా అని మూత కింద వేళ్లు పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. సగం దారిలో ఆగిపోయిన మోటారు, అరిగిన రిలే, వదులైన కనెక్టర్ వీటిలో ఏదైనా సరే, ముట్టుకోగానే ప్రాణం వచ్చినట్టు కదలొచ్చు. మూతకూ లోపలి ఫ్రేముకూ మధ్య వేలు పడితే అది కత్తెరే. బ్యాటరీ తీయలేని పరిస్థితి ఉంటే బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో రిట్రాక్టర్ అని రాసి ఉన్న ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. జేబులోనే, ఇంజన్ మీద కాదు. మీరు కింద ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎవరో చూసి పెట్టేస్తారేమో. పిల్లలకు ఈ లైట్లు కళ్లు కొట్టినట్టు కనబడతాయి, దగ్గరికి వచ్చి ముట్టుకోబోతారు. పని అయ్యేదాకా వాళ్లను గరాజ్‌లోకి రానివ్వకపోవడమే మేలు.

వెనక నుంచి ముందుకు

వెనక ఫెండర్ బాడీకి వెల్డ్ అయి ఉంటుంది, అది కదలదు. కాబట్టి దానికి డోర్‌ను సరిచూడాలి, డోర్‌కు ముందు ఫెండర్‌ను, ఫెండర్లకు బానెట్‌ను, ఆ తర్వాత బంపర్‌ను, చివరికి లైటు మూతలను. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తారు.

డోర్ తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆడుతుంటే కీలు పిన్ను అరిగింది, అది మార్చకుండా బోల్టులు కదిపి లాభం లేదు. అద్దం లోపల ఉన్న డోర్ బరువుగా ఉంటుంది. కీలు బోల్టులు వదులు చేసే ముందు కింద మెత్తటి గుడ్డ వేసిన జాకీ పెట్టుకోండి, లేదా ఇంకో మనిషిని పిలవండి. రబ్బరు బీడింగ్ కొత్తది వేయాలనుకుంటే అది వేశాకే చివరి సర్దుబాటు చేయాలి. కొత్త రబ్బరు డోర్‌ను బయటికి తోస్తుంది. గుడ్డ టాప్ బిగించినప్పుడు, తెరిచినప్పుడు రెండుసార్లూ సందు చూడండి. లాక్ పట్టుకునే స్ట్రైకర్‌ను అన్నిటికంటే చివర బిగించండి. స్ట్రైకర్‌తో డోర్‌ను పైకి లాగి సరిచేసినట్టు చూపించడం అమ్మకానికి పెట్టిన బండ్లకు చేసే పని.

ఫెండర్‌కు తుప్పు పట్టిన బోల్టులుంటే, ముఖ్యంగా వెనక కింది మూలవి, ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. ఇవి చిన్న బోల్టులు, 10 మిల్లీమీటర్ల స్పానర్ పట్టేవి. బలం చూపిస్తే తల తెగుతుంది. టార్చి మంట పెట్టాలనిపిస్తే లోపలివైపు నిప్పు అంటుకునే కోటింగ్, వైర్లు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఫెండర్ కింద పలచటి రేకు షిమ్ములు దొరికితే, ఏ బోల్టు కిందివో రాసి కవర్లలో పెట్టండి. రేకు అంచులు కత్తిలా ఉంటాయి, గ్లవ్స్ వేసుకోండి. బయటి కంపెనీ ఫెండర్ కొనిపెట్టుకుంటే, రంధ్రాలు కలవలేదని వెంటనే ఆకురాయి తీయకండి. అన్ని బోల్టులూ వదులుగా పట్టించి, కదిపి చూస్తే చాలాసార్లు అదే దారికి వస్తుంది.

బానెట్ అల్యూమినియం. తేలిక, అందుకే మెత్తన కూడా. మోచేయి ఆనించినా సొట్ట పడుతుంది. కీలు బోల్టులు వదులు చేసేటప్పుడు ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒక్కరే అయితే వెనక మూల జారి ఫెండర్ రంగును గీరేస్తుంది. ఆ మూలలకూ ఫెండర్ అంచులకూ ముందే రెండు పొరల టేపు అంటించండి. పాత కీలు ఎక్కడుందో పెన్నుతో చుట్టూ గీత గీసుకోండి. ఇంకొకటి, చాలామందికి తట్టనిది: మొదటిసారి మూసి చూసేటప్పుడు లాచ్ (బానెట్‌ను పట్టి ఉంచే లాక్) తీసేసి ఉంచండి. కుదరని బానెట్ లాచ్‌లో గట్టిగా పడిందంటే మళ్లీ తెరవడానికి గంటలు పడుతుంది, ఎంత రంగు పోతుందో చెప్పలేం. సందులు కుదిరాక లాచ్ పెట్టి, తర్వాత రక్షణ కొక్కెం పట్టుకుంటోందో లేదో చేత్తో చూడాలి. నడిచే బండికి బానెట్ ఎగిరి అద్దానికి కొట్టుకుంటే ముందు ఏమీ కనపడదు.

ఇక లైట్లు

ఒక్కో లైటుకు ఒక్కో మోటారు. మోటారు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, క్రాంకు సగం చుట్టుకు లైటు లేస్తుంది, మిగతా సగానికి దిగుతుంది. మోటారు వెనక రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే గుబ్బ ఉంది. కరెంటు లేనప్పుడు లైటును లేపడానికీ దింపడానికీ దాన్నే వాడాలి. మూతను పట్టుకుని లాగితే లోపలి పళ్లు, లింకు కడ్డీ దెబ్బతింటాయి. చలికాలంలో మూత మీద గడ్డకట్టిన మంచు ఉండగా స్విచ్ వేయడం కూడా మోటారును అలాగే హింసిస్తుంది. రాత్రి మంచు పడుతుందని తెలిస్తే, లైట్లు వెలిగించకుండా పైకి మాత్రం లేపే బటన్ ఈ కారులో ఉంది, దాన్ని వాడుకోండి.

లైటు పైకి లేపి ఉంచి మూతను అటూఇటూ కదిపి చూడండి. గలగలలాడితే బుష్‌లు (కదిలే కీళ్లలో ఉండే చిన్న గొట్టాలు) అరిగాయి. వాటిని మార్చకుండా మూతను ఎన్నిసార్లు మట్టం చేసినా రేపటికి మళ్లీ తేలుతుంది. మాజ్దా 2017లో జపాన్‌లో ఈ తరం రోడ్‌స్టర్లను బాగుచేసే పథకం ప్రకటించి, ఆపేసిన కొన్ని విడిభాగాలు మళ్లీ తయారు చేయిస్తోంది. అందుకే తీగతో కట్టి సరిపెట్టే ముందు పార్టు దొరుకుతుందేమో అడగండి.

మూత స్క్రూలు వదులు చేసి, నాలుగువైపులా కార్డులు పెట్టి, సరిచూసి బిగించాక ఫ్యూజు పెట్టేయకండి. ముందు గుబ్బతో పూర్తిగా ఒక చుట్టు లేపి దింపండి. లేచేటప్పుడు మూత అంచు బానెట్‌కు గానీ ఫెండర్‌కు గానీ తగులుతుంటే చేతికి తెలుస్తుంది. మోటారుకు అది తెలియదు, గీరుకుంటూ పోతుంది. కొత్తగా రంగు వేసిన బండి అయితే రంగు పొరల మందం వల్ల సందు ఇంకాస్త ఇరుకవుతుంది. అందుకే రంగుకు ముందే ఒకసారి అన్నీ బిగించి చూడాలి.

మూత మట్టం వేరు, కాంతి దిశ వేరు. రెండో దానికి విడిగా స్క్రూలున్నాయి. మూతను సరిచేయడానికి వాటిని తిప్పితే లైటు చెట్ల మీదకో ఎదుటివాళ్ల కళ్లలోకో పోతుంది. పని అయ్యాక గోడకు 25 అడుగుల దూరంలో, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, డ్రైవర్ సీటులో మనిషి కూర్చుని ఉండగా కాంతి ఎక్కడ పడుతోందో చూడండి. జపాన్ నుంచి తెప్పించిన యూనోస్ అయితే ఇంకో చిక్కు. 25 ఏళ్లు దాటిన బళ్లను అమెరికాలోకి తేవచ్చు కాబట్టి ఇవి చాలానే వస్తున్నాయి. జపాన్‌లో బళ్లు ఎడమపక్క నడుస్తాయి, లైట్లు కాంతిని ఎడమపక్కకు ఎక్కువ వేస్తాయి. అమెరికా రోడ్డు మీద అది ఎదుటి వాహనం మీద పడుతుంది. స్క్రూలు ఎంత తిప్పినా ఆ రూపం మారదు. లైటే మార్చాలి. ఏడంగుళాల గుండ్రటి లైటు కాబట్టి ఇది కష్టమేమీ కాదు.

మొదటి ప్రయాణం పగలు, ఇంటి చుట్టుపక్కల, నెమ్మదిగా చేయండి. తిరిగొచ్చాక కీలు బోల్టులు, ఫెండర్ బోల్టులు, లాచ్ మళ్లీ ఒకసారి బిగించి, కార్డులతో సందులు చూడండి. మొదట రాసుకున్న టేపులు అప్పటిదాకా పీకేయకండి.