ఒక మెయిల్ ఫైలు, రెండు లాగిన్లు: మార్చి రద్దీకి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

తాడిపత్రి బండల ఫ్యాక్టరీ ఆఫీసైనా, కర్నూలు యార్డులో కమీషన్ దుకాణమైనా, ఒకే కంప్యూటరులో గుమాస్తాకో లాగిన్, అకౌంటెంటుకో లాగిన్ ఉండి మెయిల్ ఐడీ ఒక్కటే అయితే ఈ జాగ్రత్తలు మీకే. ఇద్దరూ అవుట్‌లుక్‌లో ఒకే పీఎస్‌టీ ఫైలు (మెయిళ్లన్నీ దాచి ఉంచే ఫైలు) వాడొచ్చు, కానీ ఒకరి తర్వాత ఒకరే. మార్చి నెలాఖరులో మనుషులు మారిమారి కూర్చుంటారు కాబట్టి ఏర్పాట్లన్నీ ఫిబ్రవరిలోనే ముగించండి.

ముందు బ్యాకప్. అవుట్‌లుక్ మూసి, పీఎస్‌టీని బయటి డిస్కులోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉన్నది వాడండి.

మామూలుగా ఈ ఫైలు ఒకరి డాక్యుమెంట్స్‌లో ఉంటుంది, రెండో లాగిన్‌కు అక్కడ ప్రవేశం లేదు. పైగా ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటే మరో తలనొప్పి. డి డ్రైవ్‌లో 'మెయిల్' అని ఫోల్డర్ చేసి ఫైలును అందులోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు: అదే డ్రైవ్‌లో కట్-పేస్ట్ చేస్తే పాత అనుమతులు ఫైలుతోపాటే వస్తాయి, రెండో మనిషికి తలుపు మూసే ఉంటుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీలో ఇద్దరికీ 'మోడిఫై' ఇవ్వండి. 'రీడ్' ఒక్కటే ఇస్తే చాలదు, ఊరికే చదవడానికైనా అవుట్‌లుక్ ఆ ఫైలులో రాసుకోవాలి. తర్వాత ఒక్కో లాగిన్‌లో కంట్రోల్ ప్యానెల్, మెయిల్, డేటా ఫైల్స్‌లో కొత్త చోటు చూపించి డిఫాల్ట్ చేయండి. పాత ఫైలు పేరు మార్చి పక్కన పెట్టండి, లేకపోతే ఒకరు పాతదాంట్లో, ఒకరు కొత్తదాంట్లో పని చేస్తుంటారు.

ఎక్కువమంది పొరపడేది 'స్విచ్ యూజర్' దగ్గర. అది నొక్కి లేచిపోతే మొదటి మనిషి అవుట్‌లుక్ లోపల నడుస్తూనే ఉంటుంది. రెండోవాళ్లకు 'ఫైల్ వాడుకలో ఉంది' అని వస్తుంది. అప్పుడు కంగారుపడి కంప్యూటరు స్విచ్ ఆపేస్తారు, ఫైలు దెబ్బతినేది అప్పుడే. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూడండి: మొదటి పేరు పక్కన 'డిస్‌కనెక్టెడ్' అని కనిపిస్తే ఆయన్నే పిలిచి అవుట్‌లుక్ మూయించి సైన్ అవుట్ చేయించండి. సీటు వదిలేటప్పుడు సైన్ అవుట్ తప్ప వేరే అలవాటు పెట్టుకోవద్దు.

ఇదంతా మెయిల్‌ను సర్వర్ నుంచి కంప్యూటరులోకి దింపుకునే పాప్ ఖాతాలకే. ఐమ్యాప్ అయితే ఫైలు పంచుకునే పనే లేదు. మెయిలంతా సర్వర్‌లో ఉంటుంది, ఎవరి ఓఎస్‌టీ (కంప్యూటరులో ఉండే దాని నకలు ఫైలు) వాళ్లదే. వీలుంటే ఐమ్యాప్‌కే మారండి, అదే మేలు. పాప్‌లోనే ఉండక తప్పకపోతే మెయిల్ దింపే పని ఒక్క లాగిన్‌కే ఇవ్వండి. రెండూ దింపితే పాత మెయిళ్లన్నీ మళ్లీ వచ్చి పడొచ్చు.

పక్క కంప్యూటరు నుంచి నెట్‌వర్క్ మీద ఈ ఫైలు తెరవకండి. మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని సమర్థించదు. ఒక్క క్షణం కేబుల్ కదిలినా రాత మధ్యలో తెగుతుంది.

పరిమాణం కూడా చూసుకోండి. అవుట్‌లుక్ 2010 నుంచి మామూలు హద్దు 50 జీబీ, 2003, 2007లలో 20.

వేసవి ఈదురుగాలులకు కరెంటు పోతుంది కాబట్టి యూపీఎస్ ఉండాలి. అయినా ఫైలు తెరుచుకోకపోతే ముందు దాన్ని కాపీ తీసి, ఆ కాపీ మీద స్కాన్‌పీఎస్‌టీ (అవుట్‌లుక్‌తో వచ్చే మరమ్మతు ప్రోగ్రామ్) నడపండి. తప్పులు లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాల్సి రావచ్చు.