పాత కారుకు కొత్త కారు సస్పెన్షన్ ఎక్కించడం ఎలా?

యాభై, అరవై ఏళ్ల నాటి కారు చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా, నడిపితే దాని వయసు బయటపడుతుంది. బ్రేక్ వేస్తే ఓ పక్కకి లాగుతుంది, మలుపులో పడవలా ఒరిగిపోతుంది, గుంతలో దిగితే వెనకున్న కమాను పట్టీలు నడుం విరగ్గొడతాయి. అందుకే చాలామంది, యాక్సిడెంటై తుక్కుకు వెళ్లే కొత్త కారు కింది సామాను తెచ్చి పాత బాడీ కింద పెడుతుంటారు. సామాను ఇచ్చే ఆ కారునే డోనర్ అంటారు.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు వెల్డింగ్ గురించి టెన్షన్ పడతారు. పని చెడేది మాత్రం ఎక్కువగా కొలతల దగ్గర. ఆర్మ్‌లు (చక్రాన్ని కారుకి కలిపి, పైకీ కిందికీ కదిలే చేతులు) ఏ బిందువు చుట్టూ తిరగాలి, బాల్ జాయింట్ (ఆర్మ్ కొసన ఉండే గుండ్రటి కీలు) ఎంత ఎత్తులో ఉండాలి, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకి జరిగి చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ) ఎక్కడ కూర్చోవాలి అన్నది డోనర్ ఇంజినీర్లు మిల్లీమీటర్లలో లెక్కేసి పెట్టారు. ఆ బిందువులు చెదరకుండా పాత కారు కిందికి తేవాలి. కాబట్టి విడి ఆర్మ్‌లు కొనుక్కొచ్చి సొంతంగా బ్రాకెట్లు చేయకండి. సస్పెన్షన్ మొత్తాన్ని మోసే ఫ్రేమ్ ముక్క, అంటే సబ్‌ఫ్రేమ్‌నే, హబ్‌లు (చక్రం బిగించే భాగాలు), ర్యాక్‌తో సహా తెచ్చుకోండి.

1. డోనర్‌ని ఎంచుకోవడం

ముందు మీ పాత కారు కొలవండి. ఒక హబ్ ముఖం నుంచి అవతలి హబ్ ముఖానికి ఎంత, ఫెండర్ లోపల టైరుకు ఎంత చోటుంది, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఎంత. బరువు కూడా తెలియాలి, నాలుగు చక్రాలకీ విడివిడిగా తూయించగలిగితే ఇంకా మంచిది.

చిన్న స్పోర్ట్స్ కార్లకి మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం సామాను బాగా నప్పుతుంది. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్‌లే (ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్మ్), రెండూ విడి సబ్‌ఫ్రేమ్‌ల మీద వస్తాయి, చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్ల చిల్లర. ఒక్క మెలిక ఉంది: దాని డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) ముక్కుని గేర్‌బాక్స్ నుంచి వచ్చే పొడవాటి ఫ్రేమ్ పట్టి ఉంచుతుంది. మీరు వేరే గేర్‌బాక్స్ వాడితే ఆ ముక్కుకి వేరే ఆధారం కట్టాలి. పెద్ద పికప్‌లకి 2003-2011 ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ముందు భాగం పెడతారు. అల్యూమినియం క్రాస్‌మెంబర్, ర్యాక్ స్టీరింగ్ అన్నీ ఒకే ముక్కగా బోల్టులు విప్పితే వచ్చేస్తాయి. వెడల్పు మాత్రం ఎక్కువ, చిన్న కారు కింద పెడితే చక్రాలు బయటకి పొడుచుకొస్తాయి. 1961లో వచ్చిన జాగ్వార్ వెనక సస్పెన్షన్ కొత్తదేమీ కాదు గానీ, ఒక పెట్టెలా మొత్తం ఊడి వస్తుంది కాబట్టి హాట్ రాడ్‌లు (పాత కార్లని మార్చి వేగంగా పోయేలా చేసినవి) చేసేవాళ్లకి ఇప్పటికీ ఇష్టం. డిస్కులు మధ్యలో డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి, వాటి ప్యాడ్‌లు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం తిట్టుకుంటారు.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్మ్ బదులు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు గొట్టం) ఉన్న డోనర్‌కి దూరంగా ఉండమంటాను. స్ట్రట్ పై కొస ఆనడానికి బాడీలో గట్టి టవర్ కావాలి. చాలా పాత కార్లలో అది ఉండదు, కొత్తగా కట్టడం వేరే ప్రాజెక్టు అవుతుంది. ఇంకోటి, ముందు చక్రాలతో నడిచే కారు హబ్‌ని ఇంజిన్ శక్తి అందని చోట వాడుతుంటే యాక్సిల్‌తో పని లేదు కదా అని తీసి పారేయకండి. చాలా హబ్‌లలో బేరింగ్‌ని బిగించి పట్టేది ఆ యాక్సిల్ కొసే. దాన్ని కోసి, ఆ ముక్కని హబ్‌లో పెట్టి, నట్టుని కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించాలి.

మార్పు చేసిన కారుకి మీ దగ్గర ఏ తనిఖీ, ఏ కాగితం కావాలో, ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో కోయకముందే కనుక్కోండి.

2. విప్పకముందే కొలవడం

డోనర్ ఇంకా తన చక్రాల మీద నిలబడి ఉండగానే కొలతలు తీసుకోవాలి. సమంగా ఉన్న నేల మీద పెట్టి, టైర్లలో గాలి సరిచేసి, కింది ఆర్మ్ ఎంత వాలుగా ఉందో, హబ్ మధ్య నుంచి సబ్‌ఫ్రేమ్ బోల్టుకి ఎత్తు ఎంతో, సబ్‌ఫ్రేమ్ ముందుకి గానీ వెనక్కి గానీ ఎన్ని డిగ్రీలు వాలి ఉందో రాసుకోండి. ఫొటోలు తీస్తే సరిపోదు, ఫొటోలో 3 డిగ్రీలు కనపడవు.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇదే వదిలేశాను. సబ్‌ఫ్రేమ్‌ని పాత కారు కింద పెట్టి, రసమట్టం అడ్డంగానూ నిలువుగానూ పెట్టి చూసి, బుడగ మధ్యకి రాగానే మురిసిపోయి వెల్డింగ్ చేసేశాను. డోనర్‌లో దాని ముందు అంచు 3 డిగ్రీలు పైకి ఉండేదని తర్వాత తెలిసింది. అంటే 5 డిగ్రీలు ఉండాల్సిన క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌కి తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) 2కి పడిపోయింది. కారు నడిచింది. కానీ మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, ప్రతిసారీ చేత్తో లాక్కోవాలి. వెల్డింగ్ మొత్తం గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది.

3. పాత కారులో గుర్తులు పెట్టడం

కారుని జాకీ స్టాండ్ల మీద సమంగా నిలపండి, మీరు కోరుకునే ఎత్తులోనే. చక్రం మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి, నేల మీద గుర్తు పెట్టండి. నాలుగు చక్రాలకీ ఇదే చేసి, మూల నుంచి మూలకి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ ఒకటి కాకపోతే ఫ్రేమ్ ఎప్పుడో దెబ్బ తిని మెలి తిరిగిందన్నమాట, ముందు అది సరిచేయాలి. కారు మధ్య గీత కూడా నేల మీద సుద్దతో గీసుకోండి. పాత సామాను తీసేశాక మీకు మిగిలే ఆధారం ఈ గుర్తులే.

తుప్పు పట్టిన చోట కొత్త లోహం అతికించడం దండగ. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి, మెత్తగా దిగితే ఆ ముక్క కోసి మార్చాకే ముందుకెళ్లండి.

4. కూర్చోబెట్టి, ట్యాక్ వేయడం

బ్యాటరీ విప్పండి, పెట్రోల్ ట్యాంకు పూర్తిగా బయట పెట్టండి. సబ్‌ఫ్రేమ్‌ని జాకీ మీద పైకెత్తి, నేల మీద గుర్తులకి, సుద్ద గీతకి, రాసుకున్న వాలుకి కలపండి. కలిశాక నాలుగు చోట్ల మాత్రం చిన్న ట్యాక్ (తర్వాత తేలిగ్గా కోయగలిగే చుక్క వెల్డింగ్) వేయండి. ఇంజిన్ పెట్టి సంపు (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) ర్యాక్‌కి తగులుతుందేమో చూడండి. ర్యాక్ యాక్సిల్‌కి వెనక ఉండేదైతే వెనకే ఉండనివ్వండి. తలకిందులు చేసి ముందుకి తెస్తే చక్రాలు తిప్పినదానికి ఎదురు దిక్కుకి తిరిగే అవకాశం ఉంది.

ఇప్పుడు స్ప్రింగులు లేకుండా ఒక చక్రాన్ని జాకీతో 50 మిల్లీమీటర్లు పైకి, 50 కిందికి కదిలించండి. హబ్‌కి చిన్న లేజర్ కట్టి, 5 మీటర్ల దూరంలో గోడ మీద పడేలా ముందుకి గురిపెట్టండి. చుక్క దాదాపు నిలువుగా పైకీ కిందికీ పోవాలి. హబ్ కూడా కొంచెం పక్కకి జరుగుతుంది కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకి కంగారు పడక్కర్లేదు. మూడు నాలుగు సెంటీమీటర్లు పక్కకి పోతుంటే మాత్రం గుంతల్లో చక్రం దానంతట అదే తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. మొత్తం సబ్‌ఫ్రేమ్ తెచ్చినవాళ్లకి ఇది రావడం తక్కువ. వచ్చిందంటే ర్యాక్‌ని జరిపారనో, కారుని డోనర్ ఎత్తు కంటే బాగా కిందికి దించారనో అనుమానించండి.

అన్నీ కుదిరాక పూర్తి వెల్డింగ్. ఒకే చోట బరువు పడకుండా రెండు వైపులా మందపాటి ప్లేట్లు వేయండి. బోల్టు పెట్టెలాంటి ఫ్రేమ్ రైలు (లోపల బోలుగా ఉండే పొడవాటి ఫ్రేమ్ కడ్డీ) గుండా పోతుంటే లోపల గొట్టం ముక్క పెట్టి వెల్డ్ చేయాలి, లేకపోతే బిగించేకొద్దీ రైలు నలిగిపోతుంది. ఆర్మ్‌లు, నకిల్స్ (హబ్‌ని పట్టి ఉంచే ముక్కలు), స్టీరింగ్ రాడ్‌ల మీద వెల్డింగ్ వద్దే వద్దు. పొడవు చాలకపోతే వేరే డోనర్ చూసుకోండి. వెల్డింగ్ చేయి తిరగనివాళ్లు ట్యాక్ దాకా తాము చేసి, ఆ పైన అనుభవం ఉన్నవాళ్లకి ఇవ్వడం తెలివైన పని.

5. స్ప్రింగుల లెక్క

డోనర్ బరువుకి సరిపడ్డ స్ప్రింగులు మీ కారుకి సరిపోవు. ఉదాహరణకి డోనర్‌లో ఒక ముందు చక్రం మీద 300 కిలోలు, చక్రం దగ్గర గట్టితనం మిల్లీమీటరుకి 20 న్యూటన్లు అనుకుందాం. మీ కారులో అక్కడ 220 కిలోలే ఉంటే, అదే మెత్తదనం రావడానికి 20ని 300తో భాగించి 220తో గుణించాలి, అంటే సుమారు 14.7. ఇది చక్రం దగ్గర లెక్క. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది కాబట్టి, చక్రం 10 మిల్లీమీటర్లు కదిలినప్పుడు స్ప్రింగు 6 కదిలితే, 14.7ని 0.6 వర్గంతో, అంటే 0.36తో భాగించాలి. మీరు కొనాల్సింది మిల్లీమీటరుకి దాదాపు 41 న్యూటన్ల స్ప్రింగు. ఎత్తు తగ్గించడానికి పాత స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తే అది ఇంకా గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి కుంగదీయడం గురించి మాట్లాడకపోవడమే మంచిది.

6. బ్రేకులు, స్టీరింగ్, బిగింపు

డోనర్ బ్రేకులకి పాత మాస్టర్ సిలిండర్ సరిపోకపోవచ్చు. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ లోపలికి పోతుంది. వెనక చక్రాలు ముందు కంటే ముందే లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది, కాబట్టి వెనక లైన్‌లో ఒత్తిడి తగ్గించే వాల్వ్ పెట్టుకోండి. స్టీరింగ్ కాలమ్ నుంచి ర్యాక్‌కి వచ్చే జాయింట్లు ఎక్కువ వంపు తిరగకుండా చూడండి.

బుష్‌ల (ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులు కారు తన చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు కారు దించగానే మెలిపడి, తొందరగా చిరుగుతుంది.

వీల్ అలైన్‌మెంట్ చేయించాక ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, బ్రేకులు చూసుకుని, ఆ తర్వాతే రోడ్డెక్కండి. ప్రతి బోల్టు తల మీద నుంచి పక్కనున్న లోహం మీదకి పెయింట్‌తో ఒక గీత గీసి ఉంచండి. 100 కిలోమీటర్లు తిరిగాక కిందికి దూరి టార్చి వేసి చూడండి. గీత ఎక్కడ రెండు ముక్కలై కనిపిస్తే అక్కడ బోల్టు కదిలిందన్నమాట.