గాజు గుత్తివంకాయ: టార్చ్ మంట మీద చేసే పద్ధతి

వంకాయను గాజులో చేయాలనుకునేవాళ్లు మొదట కొనేది ముదురు ఊదా కడ్డీ. దానితో పూస చుట్టి, చల్లారాక చూస్తే చేతిలో ఉండేది నల్లటి గుండు. పారదర్శకమైన ఊదా గాజు 6 మి.మీ. కడ్డీగా ఉన్నప్పుడే దాదాపు నల్లగా కనిపిస్తుంది. 15 మి.మీ. పూసయ్యాక అందులోంచి వెలుతురు దాటనే దాటదు. లోపల తెల్ల గాజు పెట్టి, పైన ఊదాను పల్చటి పొరగా వేస్తేనే వంకాయ రంగు పలుకుతుంది. అసలు వంకాయా అంతే కదా, రంగంతా తొక్కలోనే.

ఇక్కడ చెప్పేది ల్యాంప్‌వర్క్. అంటే టార్చ్ మంటలో గాజు కడ్డీని కరిగించి, సన్నటి స్టీలు పుల్ల మీద ఒక్కో పూసనూ విడిగా చుట్టడం. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజు పూసల పని పాతదే గానీ అక్కడి సంప్రదాయ పద్ధతి వేరు. కొలిమిలోని గాజును సన్నటి గొట్టంగా లాగి, ఆ గొట్టాన్ని తునకలు చేసి పూసలు తీస్తారు. ఒకే తీరు చిట్టి పూసలు వేలల్లో కావాలంటే అదే దారి. వంకాయకు భుజం, ముచ్చిక, తొడిమ ఉన్నాయి కాబట్టి చుట్టక తప్పదు.

గాజు ఎంచుకోవడం

వాడే కడ్డీలన్నీ ఒకే వ్యాకోచ గుణకానివి అయి ఉండాలి. ఇటలీలోని మురానోలో తయారయ్యే ఎఫెత్రే కడ్డీలు 104 రకం. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగితే పొడవులో కోటికి 104 వంతులు సాగే గాజు. ల్యాబ్ బీకర్లు చేసే బోరోసిలికేట్ 33 రకం. ఈ రెండూ కలిపితే మంటలో చక్కగా అతుక్కుంటాయి, చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి.

ఇంట్లో పగిలిన చేతి గాజుల ముక్కలు వాడొచ్చా అని చాలామందికి అనిపిస్తుంది. కరుగుతాయి, నిజమే. కానీ ఏ గాజు ఏ రకమో ఎవరికీ తెలియదు, పైనున్న బంగారు పూత మాడిపోతుంది. రకం తెలియని కడ్డీ ఏది చేతికొచ్చినా ముందు దారం పరీక్ష చేయండి. తెలిసిన గాజునూ, తెలియనిదాన్నీ పక్కపక్కన కరిగించి ఒకదానికొకటి ఆనించి నొక్కండి. రెండూ కలగలిసిపోకుండా 30 సెం.మీ. దారంగా లాగి, చల్లారనివ్వండి. దారం తిన్నగా నిలిస్తే కలపొచ్చు. విల్లులా వంగితే ఆ రెండూ పొసగవు. వంపు లోపలి వైపున్నది ఎక్కువగా కుంచించుకుపోయే గాజు.

ఒక్క వంకాయకు కావలసినవి: 6 మి.మీ. తెల్ల కడ్డీ 5 సెం.మీ., ముదురు ఊదా పారదర్శక కడ్డీ 3 సెం.మీ., బఠాణీ పచ్చ కడ్డీ 2 సెం.మీ., గడ్డి పచ్చ పారదర్శక కడ్డీ కొంచెం. పని అయ్యాక పూస 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. కరిగించే ముందు కడ్డీలను స్పిరిట్‌తో తుడవండి. వేలి జిడ్డు, దుమ్ము తర్వాత బూడిదరంగు మరకలుగా, బుడగలుగా తేలతాయి.

మంట, గ్యాస్

వంటింటి సిలిండరుకు పెట్టే రెగ్యులేటరు ఇందుకు పనికిరాదు, దాని ఒత్తిడి మరీ తక్కువ. ఒత్తిడి మార్చుకునే వీలున్న హై ప్రెషర్ రెగ్యులేటరు, గ్యాస్, ఆక్సిజన్ గొట్టాలు రెండింటికీ మంట వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు ఉండాలి. అమ్మకానికి చేసేవాళ్లు 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి. చిన్న టార్చ్‌కైతే నిమిషానికి 5 లీటర్లిచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ చాలు. ఆక్సిజన్ వైపు బిగింపులకు నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వకండి, అక్కడే అంటుకుంటుంది. వెలిగించేటప్పుడు ముందు గ్యాస్, తర్వాత ఆక్సిజన్. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాస్. ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండరు బయట ఉండాలి.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. మంట ఊగడం ఒక్కటే కాదు, చల్లగాలి తగిలి సగం చేసిన పూస టప్పున పగులుతుంది. గాలి బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. కాటన్ బట్టలు వేసుకోండి, చున్నీ, కొంగు ముడేయండి. కళ్లకు డిడీమియం అద్దాలు. అవి లేకపోతే గాజులోని సోడియం వల్ల వచ్చే పసుపు వెలుగు తప్ప మరేమీ కనబడదు, ఏది కరిగిందో ఏది కరగలేదో తెలియదు.

పుల్ల

1.6 మి.మీ. మందం, 25 సెం.మీ. పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు పుల్ల తీసుకోండి. దీన్ని మాండ్రెల్ అంటారు. పూస పుల్లకు అతుక్కోకుండా బీడ్ రిలీజ్ అనే మట్టి ముద్దలో 6 సెం.మీ. మేర ముంచి, ఇసుక నింపిన డబ్బాలో నిలబెట్టి ఆరనివ్వండి. ఈ ముద్ద చిక్కదనం దోసెపిండిలా ఉండాలి. ఇడ్లీ పిండంత గట్టిగా ఉంటే పూత మందమై, చుట్టేటప్పుడే పెళ్లలు రేగుతుంది. వాడే ముందు మంటలో పెట్టి పూత ఎర్రబడేదాకా కాల్చండి. లోపల తడి మిగిలితే పూత పగిలి, పూస పుల్ల మీద గిరగిరా తిరగడం మొదలవుతుంది. అలా తిరిగిన పూసను కాపాడటానికి పాట్లు పడొద్దు, నీళ్లలో వేసి కొత్త పుల్ల అందుకోండి.

వంకాయ చుట్టడం

ముందు ఊదా తీగ తయారుచేసుకోవాలి. కడ్డీ కొసన 12 మి.మీ. ఉండ కట్టేలా కరిగించండి. మంట బయటికి తీసి, రెండు మూడు సెకన్లు ఆగి, పట్టకారుతో పట్టి మెల్లగా లాగండి. ఆగకుండా లాగితే వెంట్రుక మందంలో వస్తుంది. 2 మి.మీ. మందంలో 24 సెం.మీ. తీగ కావాలి. అలాగే పచ్చ తీగ కూడా: బఠాణీ పచ్చ ఉండ చుట్టూ గడ్డి పచ్చ ఒక చుట్టు చుట్టి, కలిపి లాగండి. ఒట్టి బఠాణీ పచ్చ ప్లాస్టిక్‌లా ఉంటుంది.

కడ్డీని ఎప్పుడూ మంట చివర నుంచి లోపలికి తీసుకురండి. మొదటి 20 సెకన్లు అటూ ఇటూ ఆడించాలి. నేరుగా లోపల పెడితే కొస చిట్లి ముక్కలు ఒళ్లో పడతాయి.

తెల్ల గాజును తీగపాకం కన్నా కాస్త ముదురుగా కరిగించి, పుల్లను ఆపకుండా తిప్పుతూ 14 మి.మీ. వెడల్పున చుట్టండి. ఆ సమయంలో పుల్ల కూడా ఎర్రగా ఉండాలి, లేకపోతే గాజు పూతను పట్టుకోదు. అడుగు భాగం పుల్ల కొస వైపు, ముచ్చిక మీ చేతి వైపు. అడుగు వైపు ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేసి, పూసంతా కరిగాక పుల్ల కొసను కొద్దిగా కిందికి వంచి తిప్పండి. గాజు తనంతట తానే అటు జారి అడుగు లావవుతుంది. పనిముట్టుతో నొక్కి తెచ్చిన ఆకారం కంటే ఇలా బరువుతో వచ్చిన ఆకారమే వంకాయకు దగ్గర. తెల్ల గుండు లావుపాటి చోట 12 మి.మీ. రాగానే ఆపండి. ఆశపడి పెంచితే పైపొర వేశాక వంకాయ సొరకాయ అవుతుంది.

ఇప్పుడు ఊదా తీగను భుజం నుంచి అడుగు దాకా నిలువు చారలుగా వేయండి. ఒక్కోటి 2 సెం.మీ., మొత్తం 12 చారలు. చారకూ చారకూ మధ్య మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. వేడెక్కినకొద్దీ చారలు వెడల్పై ఆ ఖాళీలు చాలావరకు పూడిపోతాయి. పూర్తిగా పూడనివ్వకండి. అక్కడక్కడా వెంట్రుకవాసి తెలుపు మిగిలితే అవే గుత్తివంకాయ చారలు. అడుగున కూడా చిన్న నాణెమంత కాదు, ఆవగింజంత తెలుపు చాలు. ఇక్కడ తొందరపడి మంట పెంచితే ఊదా తెలుపులోకి పాకి లేత వంగపండు రంగు ముద్దవుతుంది. తక్కువ వేడి, ఎక్కువసేపు.

ఊదా పొర నునుపయ్యాక గ్రాఫైటు పలక మీద మెల్లగా దొర్లించి భుజం సర్దండి. ముందు రెండు సెకన్లు మంట బయట ఉంచండి. మరీ వేడిగా ఉన్నప్పుడు తాకిస్తే ఆకారం కుంగుతుంది, మరీ చల్లారాక తాకిస్తే ముడతల గుర్తులు పడతాయి. గుర్తులు పడితే మంటలో క్షణం తిప్పితే పోతాయి.

తొడిమ కోసం, భుజం దాటాక పుల్ల మీదే పచ్చ గాజును 5 మి.మీ. పొడవున ఒక పల్చటి చుట్టుగా వేయండి. లావు 4 మి.మీ. దాటకూడదు. ఈ క్షణం నుంచీ పూసలో అత్యంత బలహీనమైన చోటు ఇదే. ఒళ్లు మెల్లగా చల్లారుతుంది, తొడిమ చటుక్కున చల్లారుతుంది. ప్రతి ఆరేడు సెకన్లకోసారి తొడిమను మంటకు చూపించి తీయండి. ముచ్చిక మీద ధ్యాసపడి దీన్ని మరిచిపోవడం వల్లే ఎక్కువ వంకాయల మెడలు తెగుతాయి.

ముచ్చికకు, తొడిమ మొదట్లో పచ్చ తీగతో ఒక చుట్టు వేసి, దాని అంచున ఐదు చుక్కలు పెట్టండి. ఒక చుక్కను మాత్రమే మంట అంచుకు చూపించి, మెత్తబడగానే పట్టకారు మొనతో పట్టి కిందికి 5 మి.మీ. లాగి ఒంటికి అదమండి. అలా ఒక్కోటి. ఐదూ కొలిచినట్టు సమానంగా రావాలని చూడకండి. బజారు నుంచి ఒక వంకాయ తెచ్చి బల్ల మీద పెట్టుకుంటే తెలుస్తుంది: ఒక రేక పొట్టి, ఇంకోటి మెలితిరిగి, మూడోది ఒంటికి అంటకుండా కాస్త లేచి ఉంటుంది. అయితే లేచిన రేక కింద ఖాళీ ఉంచకండి, బట్టలకు తగులుకొని విరుగుతుంది. ముళ్లు పెట్టాలన్న సరదా కూడా వద్దు. ఆఖర్న సన్నటి చాకుతో ముచ్చిక మీద రెండు గీతలు నొక్కండి.

చల్లార్చడం

చివరిసారి పూసంతా సమంగా వేడి చేసి, ఎర్రదనం పోయేదాకా గాల్లో తిప్పి, 515 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముందే సిద్ధంగా ఉన్న కరెంటు కొలిమి, అంటే కిల్న్‌లో పెట్టండి. ఎర్రగా ఉండగా పెడితే అడుగున కిల్న్ గుర్తు పడుతుంది. ఆఖరి పూస పెట్టాక 45 నిమిషాలు అదే వేడిలో ఉంచి, గంటకు 55 డిగ్రీల చొప్పున 370 దాకా దించండి. ఇందుకు సుమారు 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. తర్వాత స్విచ్ ఆపేసి, మూత తెరవకుండా తెల్లారేదాకా వదిలేయండి.

వేడిని పట్టి ఉంచే వెర్మిక్యులైట్ పలుకుల్లో గానీ ఫైబర్ దుప్పటిలో గానీ పెడితే చాలదా? పూస ఆ రోజుకు పగలకుండా ఉంటుంది, అంతే. లోపలి ఒత్తిడి పోదు. నెలలు గడిచాక బీరువాలో ఉన్నది ఉన్నట్టే చీలిపోవచ్చు. అలా దాచినవాటిని తర్వాత కిల్న్‌లో నెమ్మదిగా వేడెక్కించి పై పద్ధతిలోనే మళ్లీ చల్లార్చాలి.

మర్నాడు పూసను పుల్లతో సహా నీళ్లలో నానబెట్టి, పుల్లను పట్టకారుతో పట్టి, పూసను గుడ్డతో పట్టుకొని తిప్పి లాగండి. రంధ్రంలో మిగిలిన మట్టిని వజ్రపు పొడి పూసిన సన్నటి ఆకురాయి, అంటే డైమండ్ రీమర్‌తో నీళ్లలోనే గీకాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పగిలితే ఎందుకు పగిలిందో

పగులు అంచు వేలికి మొద్దుగా, గుండ్రంగా తగిలితే పూస చేస్తున్నప్పుడే, మళ్లీ వేడి చేసేటప్పుడు పగిలి అంచు కరిగిందని అర్థం. వాడిగా ఉంటే చల్లారాక పగిలింది, కిల్న్ లెక్క చూసుకోండి. రెండు రంగులు కలిసే గీత వెంబడే పగులు నడిస్తే గాజులు పొసగలేదు. ఊదా మీద బూడిదరంగు మబ్బు కమ్మితే మంటలో ఆక్సిజన్ తక్కువైంది. రంధ్రం అంచులు వాడిగా ఉండి దారాన్ని కోస్తుంటే మొదటి చుట్టులో గాజు చాలలేదు.

మిగతా కాయలు

పచ్చిమిరప సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక కొస వేడెక్కేలోపు రెండో కొస చల్లారిపోతుంది. మొదట్లో 3 సెం.మీ. దాటొద్దు. పండు మిరప ఇంకా కష్టం. ఎరుపు గాజు ఎక్కువ కాలితే కాలేయం రంగుకు తిరుగుతుంది. మామిడికి పసుపు మీద నారింజ తీగను ఒక్క బుగ్గ వైపే పల్చగా కరిగించాలి. నేరేడు పండు పైనుండే బూడిదకు, చల్లారిన పూసను 600 నంబరు గరుకు కాగితాన్ని తడిపి దానితో రుద్దితే చాలు. ఎచింగ్ క్రీముల్లో ఫ్లోరైడు ఉంటుంది, వాటి జోలికి ఇంట్లో పోకండి. పసుపు, ఎరుపు గాజుల్లో చాలావాటికి రంగు కాడ్మియం నుంచి వస్తుంది. పూసలు చూడ్డానికి తినేవిలా ఉంటాయి గనక నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందనివ్వకండి.

హార్వర్డ్‌లోని గాజు పూలను 1887 నుంచి 1936 దాకా జర్మనీలో చేసింది లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కొడుకు రుడోల్ఫ్. చివరి కాలంలో రుడోల్ఫ్ తెగులు పట్టిన పళ్లను కూడా గాజులో చేశాడు. నిగనిగలాడే వంకాయ ఏ బొమ్మల కొట్లోనైనా దొరుకుతుంది. ఒంటి మీద పుచ్చు ఉన్నది దొరకదు. చారలు కరిగాక, ముచ్చికకు ముందు, గోధుమరంగు తీగతో గసగసంత చుక్క పెట్టి, చాకు మొనతో మధ్యలో పొడవండి. మళ్లీ వేడి చేసేటప్పుడు ఆ వైపు మంటకు దూరంగా ఉంచాలి. కరిగితే చుక్క చదునై ఒట్టి మచ్చగా మిగులుతుంది.